ఉప్పునీళ్ళలో పట్టకారు

నేను ఒక పట్టకారును. జానెడున్నర పొడవు, సన్నటి రెండు కాళ్ళు, కొసల్లో అరిగీ అరగని పళ్ళు. మనుషులు నన్ను చూడగానే "అబ్బ, ఏం మెరుస్తోంది!" అంటారు. అంతటితో వాళ్ళ పరీక్ష అయిపోతుంది. వంకాయ కొనేటప్పుడు తొడిమ తిప్పి చూస్తారు. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారు. మెరిసే వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివంతా ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. నా లోపల ఏముందని ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. అడగని మాటకు నేనెందుకు జవాబు చెబుతాను? ఆ సంగతి తర్వాత వస్తుంది. ముందు నా పుట్టుక వినండి.

విజయనగరంలో ఆస్పత్రి సామాను చేసే ఒక చిన్న కార్ఖానాలో సూరాచారి అనే పనివాడు నన్ను చేశాడు. నోట్లో ఆరిపోయిన బీడీ పెట్టుకుని, నా పళ్ళు ఒక్కొక్కటే ఆకురాయితో రెండు రోజులు అరగదీశాడు. తర్వాత ఏదో తొట్టిలో ముంచి, తెల్లటి పూత పట్టాక పైకి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంక నువ్వు దొరసానివేనే" అని నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం ఉందని అప్పుడు నాకు తెలియలేదు. తెలిసినా ఒప్పుకునేదాన్ని కాదు.

మొదట చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టర్ దివాకరం గారి దగ్గర ఇరవై రెండేళ్ళు కొలువు చేశాను. పిల్లలు ముక్కుల్లో దూర్చుకున్నవన్నీ నేనే లాగాను. చింతగింజలు, పూసలు, బలపం ముక్కలు, ఒకసారి గణేశుడి బొమ్మ చెవి. చింతగింజ పళ్ళెంలో టంగుమని పడ్డాక కూడా తల్లిదండ్రులు "మా వాడు అలాంటివాడు కాదండీ" అనేవాళ్ళు. డాక్టరుగారు "ఇలాంటి కేసు నేనెప్పుడూ చూళ్ళేదు" అనేవారు. అదే రోజు పొద్దున్న అలాంటి కేసే ఒకటి చూసి ఉండేవారు. ఇద్దరూ అబద్ధం చెప్పుకుని, ఇద్దరూ సంతోషపడి విడిపోయేవాళ్ళు. నేను స్పిరిట్‌లో పడుకుని వినేదాన్ని.

డాక్టరుగారు పోయాక సీతాపతి అనే ఫొటోస్టూడియో ఆయన చేతికి వచ్చాను. మందునీళ్ళలో నుంచి తడి ఫొటోలు పైకి తియ్యడం నా పని. ఆ స్టూడియోకి వచ్చిన ప్రతివాడూ ఒకటే కోరేవాడు, "కొంచెం తెల్లగా పడేట్టు చూడండి సార్" అని. సీతాపతి బ్రష్షు పెట్టి అందరినీ తెల్లగా చేసి పంపేవాడు. మందునీళ్ళు నా కీలు దగ్గర పూత కొరికేస్తే, సైకిల్ హ్యాండిళ్ళకు పూత వేసే షాపులో ఇచ్చి నాకూ పైపైన ఒక పొర వేయించాడు. ఊళ్ళో జనం మొహాలకు ఏం చేశాడో నాకూ అదే చేశాడన్నమాట. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ పూత చూసుకుని మురిసిపోయాను.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి సీతాపతి స్టూడియో మూతపడింది. నేను తిరిగి తిరిగి విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో పాత సామాన్లవాడి గోనెపట్టా మీద తేలాను. అక్కడే నన్ను బొడ్డేటి పైడిరాజు గారు చూశారు.

పైడిరాజు గారు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు పరీక్షనాళికలో పొడి పోసి, రంగు చూసి, అందులో ఏ లోహం ఉందో చెప్పడం నేర్పిస్తున్న మనిషి. నన్ను చేతిలోకి తీసుకుని "స్టీలేనా?" అన్నారు.

"సర్జరీ స్టీలు సార్. ఇంగ్లాండుది" అన్నాడు కొట్టువాడు, చెవిలో పుల్ల తిప్పుకుంటూ.

"అవున్లే, బరువు చూస్తేనే తెలస్తంది" అన్నారు పైడిరాజు గారు.

చూశారా చదువు!

ఆయన నన్ను తీసుకెళ్ళింది ఇంట్లో పెట్టుకున్న సముద్రం కోసం. అవును, సముద్రమే. హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టి, అందులో రాళ్ళు, రాళ్ళ మీద బతికున్న పగడాలు, నాలుగు చేపలు, కొన్ని నత్తలు. ఆ ఇంటి బాల్కనీలో నిలబడితే అసలు సముద్రం కనిపిస్తుంది, గాలి అటు తిరిగితే హోరు కూడా వినిపిస్తుంది. అయినా పైడిరాజు గారు ఎక్కడో పై దేశంలో తయారైన ఉప్పు తెప్పించుకుని, వడపోసిన మంచినీళ్ళలో కలిపి, సముద్రం వండుకునేవారు. రేవు దగ్గర నీళ్ళలో నూనె ఉంటుందట, అందుకని. నీళ్ళు పరీక్ష చెయ్యడానికి పదకొండు చిన్న సీసాలు ఉండేవి. ఆ సీసాల్లో రాగిని పట్టేది లేదు. తొట్టిలో రాగి ఎక్కడిదని కొనలేదు.

ఆ తొట్టికంతటికీ ప్రాణం ఒక రాయి. దాని మీద చొక్కా గుండీలంతేసి నారింజ రంగు పగడాలు, అరవై దాకా, దగ్గర దగ్గరగా విచ్చుకుని ఉండేవి. గుండీ పగడాలని ఆ ఇంట్లో పేరు. దాన్ని ఇచ్చినవాడు ఎర్రునాయుడు, పైడిరాజు గారి తోడల్లుడు. పైడిరాజు గారి భార్య గౌరి, ఎర్రునాయుడి భార్య నూకరత్నం అక్కాచెల్లెళ్ళు. ఎర్రునాయుడు రేవులో క్రేన్ నడుపుతాడు. తన తొట్టిలో ఎనిమిదేళ్ళు పెంచిన గుంపులో సగం రాయితో సహా విడదీసి, తడిగుడ్డ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు తోడల్లుళ్ళిద్దరూ తొట్టి ముందు కుర్చీలు వేసుకుని, క్రికెట్ చూసినట్టు మధ్యాహ్నమంతా ఆ రాయిని చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ మీద నాకు కొంచెం జాలి వేసింది కూడా.

ఆ రాయి అడుగున, ఎవరూ పిలవకుండా, బస్సు టిక్కెట్టయినా లేకుండా, నక్షత్రచేపలు వచ్చాయి.

పేరు చూసి భయపడకండి. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత. బూడిద రంగు. ఒకదానికి ఐదు కాళ్ళుంటే ఇంకోదానికి ఆరు, వేరొకదానికి రెండు పెద్దవి, మూడు మొలకలు. రోజంతా చేసేది ఒకటే పని, అద్దం మీది నాచు నాకుతూ ఇటు నుంచి అటు పోవడం. ప్రపంచంలో ఇంతకంటే సోమరి శత్రువు దొరకడు. కాని పైడిరాజు గారు ఒక ఆదివారం పొద్దున్న అద్దం మీద మూడింటిని చూసి, వెంటనే ఫోను తీసి, ఎవడో పై దేశంవాడి వీడియో పెట్టుకున్నారు. వీటిలో ఒక జాతి పగడాలను తింటుంది, చాలా జాతులు తినవు, ముందు ఏదో తేల్చుకోండి అని అతను చెప్పాడు. పైడిరాజు గారు మొదటి సగం విని ఫోను కట్టేశారు.

ఆ రోజు నుంచి నా కొత్త కొలువు మొదలైంది. పొద్దున్న కాఫీకి ముందు, కాలేజీ నుంచి వచ్చాక చొక్కా విప్పకుండానే, ఆయన తొట్టిలోకి మోచేతిదాకా చెయ్యి దించి నాతో ఒక్కొక్కదాన్నీ గిల్లి తీసేవారు. తీసిన వాటిని బాల్కనీలో కాఫీడబ్బా మూతలో ఎండబెట్టేవారు. ఎన్ని తీశారో గోడ క్యాలెండర్లో, గౌరి గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునే గళ్ళలో రాసేవారు. పద్నాలుగు. ఇరవై ఒకటి. పంతొమ్మిది. నేను గట్టిగా నొక్కినప్పుడు కొన్ని తెగేవి. తెగిన ముక్క జారి రాళ్ళ సందులో పడేది. అవి అసలే తమంతట తాము రెండుగా చీలి పెరిగే జీవాలు. వారం తిరిగేసరికి ఆ ముక్కకు మిగతా కాళ్ళు మొలిచేవి. ఆయన పది తీసి ఐదు నాటేవారన్నమాట.

మాటిమాటికీ నన్ను వెతుక్కోవడం ఎందుకని, చేతికి అందేట్టు తొట్టి అంచుకు ఒక క్లిప్పు బిగించి, దానికి నన్ను తగిలించారు. సగం ఒళ్ళు గాలిలో, సగం ఒళ్ళు ఉప్పునీళ్ళలో. రాత్రింబవళ్ళు అక్కడే. రాజుగారి కత్తి గోడకు వేలాడుతుందే, అంత దర్జాగా ఉంది నాకు.

రెండు వారాలకు నారింజ గుండీలు ముడుచుకున్నాయి. మొదట అంచున నాలుగు, తర్వాత ఒక పక్కంతా. విచ్చుకోవడం మానేసి మొటిమల్లా ఉండిపోయాయి. ఒక నత్త చచ్చింది. "సూసేవా, తినేస్తన్నాయి!" అన్నారు పైడిరాజు గారు గౌరితో. ఇంకా పట్టుదలగా వేట మొదలుపెట్టారు. ఆయన వేట పెంచినకొద్దీ పగడాలు ముడుచుకున్నాయి, పగడాలు ముడుచుకున్నకొద్దీ ఆయన వేట పెంచారు. మిగిలిన నక్షత్రచేపలు అద్దం ఎక్కి, నీళ్ళు దాటి, పైన తడిగా ఉన్నచోట బయటికి వచ్చి అతుక్కున్నాయి. "ఎగబడతన్నాయి ఎదవలు" అన్నారాయన. నన్ను చూసి పారిపోతున్నాయనుకున్నాను నేను. ఒళ్ళు పొంగిపోయింది.

నలభై గుండీలు ఊడిపోయిన ఆదివారం ఎర్రునాయుడూ నూకరత్నమూ వచ్చారు. పండక్కి కాదు, ఊరికే. నూకరత్నం వంటింట్లోకి వెళ్ళింది. ఎర్రునాయుడు తొట్టి దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"సూడు. బాగా సూడు. నీ రాయితోనే వచ్చాయి" అన్నారు పైడిరాజు గారు.

"ఇవేటి సేస్తాయన్నయ్యా? నా తొట్టినిండా ఇవే. నాచు నాక్కుంటాయి, అంతే."

"నీ తొట్టినిండా ఉన్నాయని నీకు తెలుసు. తెలిసే నాకు అంటగట్టేవు."

"అంటగట్టడవేటి? ఎనిమిదేళ్ళు పెంచిన దాన్ని సగానికి కోసి ఇచ్చేను."

"నీ సగం బాగుంది, నా సగం సచ్చింది. అది సెప్పు ముందు."

క్రేన్ మీద టన్నుల బరువు ఎత్తి దించే మనిషికి ఆ ఒక్క మాట మొయ్యడం చేతకాలేదు. "నూకరత్నం, పద" అన్నాడు. ఆవిడ చేతికి అంటిన పిండితోనే బయటికి వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మొగుళ్ళ వంక చూసి, తొట్టి వంక చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. గోరంత జీవాల మీద రెండు కాపురాల మధ్య రాకపోకలు తెగిపోయాయి. నేను క్లిప్పుకు వేలాడుతూ, మనుషులింతే అనుకున్నాను. ఆ మాట అనుకోవడంలో ఎంతో సుఖముంటుంది.

వేసవి వచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళిళ్ళయినప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళు రెండిళ్ళ ఆవకాయా ఒకేచోట, గౌరి ఇంట్లోనే పెడతారు. గౌరి కాయ కొడుతుంది. నూకరత్నం ముక్కల్లో జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తుంది. పాళ్ళ దగ్గర పోట్లాడుకుంటారు. ఈసారి గౌరి ఒక్కతే చాప వేసుకుని కూర్చుంది. తనే కొట్టింది, తనే తుడిచింది. కొట్టేటప్పుడు అలవాటు చొప్పున ముక్కను పక్కకు అందించబోయి, అక్కడ ఎవరూ లేక మళ్ళీ తన ఒళ్ళోనే పెట్టుకుంది. అలా రెండుసార్లు జరిగింది. పైడిరాజు గారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలుపుతుంటే ఆవిడ మట్టిగాజు జాడీ అంచుకు తగిలి విరిగింది. ఒక ముక్క ఆవకాయలో పడింది.

"ఇదిగో, పొడుగ్గా ఏదన్నా ఉంటే ఇలా తెండి" అని కేకేసింది.

పైడిరాజు గారికి చాలా రోజుల తర్వాత భార్యకు పనికొచ్చే అవకాశం దొరికింది. తొట్టి అంచు నుంచి నన్ను తీసి, కుళాయి కింద కడిగి, లుంగీకి తుడిచి, ఉత్సాహంగా వచ్చి జాడీలోకి దించబోయారు. గౌరి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఊరగాయలో ఇత్తడి పెడతారేటండీ ఎవరైనా?"

"ఇత్తడేటి? ఇది స్టీలు. సర్జరీది."

ఆవిడ నన్ను లాక్కుని కిటికీ వైపు తిప్పింది. నా కీలు దగ్గర, పూత లేచిన చోట, పచ్చగా పేరుకుని ఉంది. "స్టీలుకి చిలుం పడతాదేటి? ఎక్కడెట్టేరు దీన్ని ఇన్నాళ్ళూ?"

"తొట్టిలో."

"ఉప్పునీళ్ళలోనా?"

"అది వేరు గౌరీ. అది ఆక్వేరియం."

"రెండింట్లోనూ ఉప్పేగదండీ" అంది గౌరి. నన్ను గట్టు మీద పడేసి, రెండు కర్రగరిటెలతో గాజుముక్క తనే తీసుకుంది.

పైడిరాజు గారు చాకు తీసి నా కాలి మీద గీకారు. పూత పొరలా లేచింది. కింద పసుపుపచ్చగా కనిపించింది.

ఇప్పుడు చెబుతాను. అవును, నేను ఇత్తడిని. నా ఒంట్లో సగానికి పైగా రాగే. సూరాచారి నవ్వింది అందుకే. మూడు నెలలు ఆ ఉప్పునీళ్ళలో వేలాడి, రోజుకు కొంచెంగా కరిగాను. రాగి మనిషికి చెంబులో మంచిదేమో కాని, నత్తకూ పగడానికీ విషం. ముడుచుకున్న గుండీలను ముడిచింది నేను. ఊడినవాటిని ఊడగొట్టింది నేను. ఆ బూడిదరంగు సోమరులు అద్దం ఎక్కింది ఎగబడటానికి కాదు, నేనున్న నీళ్ళలో నుంచి బయటపడటానికి. నన్ను చూసి పారిపోతున్నాయనుకున్నానే, ఆ ఒక్కటి నిజమే. ఇంతసేపూ మనుషుల్ని ఎగతాళి చేశాను కదా, తొట్టిలో ఏం జరుగుతోందో నాకు తెలియలేదా అని మీరు అడగొచ్చు. మెరుపు చూసి నమ్మినవాళ్ళలో మొదటిదాన్ని నేనే.

పైడిరాజు గారు ఆ సాయంత్రం క్యాలెండర్ ముందు నిలబడ్డారు. ఇరవై ఒకటి, పంతొమ్మిది, ముప్పై. గళ్ళన్నీ అంకెలే. ఇరవై ఆరేళ్ళు ఆయన రాగికి గుర్తని పిల్లలకు చూపించిన ఆకుపచ్చ రంగు, ఆయన చేతిలోనే రోజుకు రెండుసార్లు ఉంది.

మర్నాడు గౌరి చిన్న జాడీలో ఆవకాయ తీసి, గుడ్డ కట్టి, బల్ల మీద పెట్టింది. "ఇది నూకరత్నానికి. మీరెళ్తే మీరు, లేపోతే నాను" అంది. ఆయన చొక్కా వేసుకున్నారు. నన్ను పేపర్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఎందుకో నాకు తెలుసు. మనుషులిద్దరు మళ్ళీ కలుసుకోవాలంటే తిట్టడానికి మూడోది ఒకటి కావాలి. ఆ మూడోది నేను. దారి పొడుగునా ఆయన పెదవులు కదిలాయి. "ఇదీ అసలు దొంగ" అన్న మాట నాలుగు రకాలుగా తయారు చేసుకున్నారు.

ఎర్రునాయుడు తలుపు తీశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. పైడిరాజు గారు గుమ్మం బయటే నిలబడి పేపరు విప్పారు.

"తమ్ముడూ, ఇదీ అసలు దొంగ. ఇత్తడి. నక్షత్రాల తప్పేటీ లేదు."

ఎర్రునాయుడు నన్ను తిప్పి చూశాడు. చిలుం మీద గోరు పెట్టి గీశాడు. "దీన్ని నీళ్ళలో ఎట్టిందెవులన్నయ్యా?" అన్నాడు మెల్లగా.

కొట్టువాడు మోసం చేశాడు అంటారనుకున్నాను. వీడియోవాడు చెప్పాడు అంటారనుకున్నాను. పైడిరాజు గారు చేతిలోని పేపరు మడిచారు.

"నానే. రాయి నువ్విచ్చేవు, సంపింది నాను. నిన్ను అనరాని మాటన్నాను."

చింతగింజ దూర్చుకున్న పిల్లాడి తండ్రి దగ్గర్నుంచి ఎంతోమందిని చూశాను. ఒక మనిషి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. వెటకారం చెయ్యడానికి ఏమీ దొరక్క ఊరుకున్నాను.

ఎర్రునాయుడు నన్ను పక్కన పెట్టి జాడీ అందుకున్నాడు. "వదిన ఒక్కర్తే కలిపిందేటి?" అన్నాడు. లోపలి నుంచి నూకరత్నం వచ్చింది. గుడ్డ విప్పి, వేలితో తీసి నాలిక్కి రాసుకుంది. "ఎల్లుల్లి మర్చిపోనాది అప్ప. నానుంటే మర్చిపోనిద్దునా?" అంది. మొగుడి వంక చూడకుండా చెప్పులు వేసుకుని, అక్క ఇంటికి బయల్దేరింది.

ఆ వారమంతా ఎర్రునాయుడు తన తొట్టి నీళ్ళు డబ్బాల్లో మోసుకొచ్చాడు. ఇద్దరూ పాత నీళ్ళు తోడారు, కొత్తవి పోశారు, మిగిలిన రాగిని పీల్చడానికి బొగ్గు సంచీలు వేలాడదీశారు. అరవై గుండీల్లో మూడు మిగిలాయి. నెల తర్వాత ఆ మూడూ విచ్చుకున్నాయి.

నన్ను పారేస్తారనుకున్నాను. గౌరి చింతపండు వేసి నా ఒళ్ళంతా తోమింది. సూరాచారి పూతా, సీతాపతి పూతా రెండూ పోయాయి. ఇప్పుడు హాల్లో ఒక మూలనున్న దేవుడి అరలో, ఇత్తడి కుందుల పక్కన ఉన్నాను. దీపంలో వత్తి ఎగదొయ్యడం నా పని. అక్కడంతా నూనే, ఉప్పు లేదు.

మొన్నొక పొద్దున్న పైడిరాజు గారు కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గర నిలబడ్డారు. అద్దం మీద గోరంత బూడిదరంగు చుక్క. ఎర్రునాయుడి నీళ్ళతో మళ్ళీ వచ్చింది. ఆయన చెయ్యి తనంతట తానే పైకి లేచి, నేను వేలాడే చోటును తడిమింది. అక్కడేమీ లేదు. ఆయన తిరిగి నా వైపు చూశారు. నేను పసుపుపచ్చగా, ఉన్నదున్నట్టు కనిపించాను. ఆ చుక్క మెల్లగా రాయి ఎక్కి, మూడు నారింజ గుండీల పక్క నుంచి, వాటిని ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

"గౌరీ, మీ సెల్లెలోల్ల సుట్టాలు వచ్చేరు" అని కేకేశారు పైడిరాజు గారు.

"ఉండనీండి" అంది గౌరి వంటింట్లోంచి.